ఫరక్ పడదన్న మాట

నల్గొండకు దగ్గరలోని మా ఊరిలో పోయిన ఏడు బత్తాయి కాపు తెగిన తరువాత, ముదిరిన ఆ తోటను కొట్టివేసి పత్తి పెట్టాలా, మరి కొన్నేళ్లు ఉంచాలా అన్న దాని మీద మా ఇంట్లో మూడు రోజులు మాట నడిచింది. పెద్దన్న కొట్టేద్దామన్నాడు, నేనూ తమ్ముడూ వద్దన్నాము. రెండు రోజులు అన్నతో గట్టిగా వాదించిన తమ్ముడు మూడో రోజు "నాకేం ఫరక్ పడదు, మీ ఇష్టమున్నట్టు చేసుకోండ్రి" అని లేచి వెళ్లిపోయాడు. అంతవరకు గొంతులు ఎంత లేచినా చలించని అమ్మ ఆ ఒక్క మాటకు కళ్లనీళ్లు పెట్టుకుంది. ఏళ్ల తరబడి ఇంగ్లీషు పాఠం చెబుతూ, ఇష్టం కొద్దీ గ్రీకు నేర్చుకుంటున్న నాకు, ఆమెను బాధించినది వాదన కాక వాదన మానివేయడం ఎందుకైందో ఆ రెండు భాషల మాటలలో వెదకాలనిపించింది.

ఇంగ్లీషులో వేరుగా ఉండడానికీ, వేరుగా తలచడానికీ 'డిఫర్' అన్న ఒకే క్రియ ఉంది. దాని లాటిన్ మూలంలో 'డిస్' అంటే విడిగా, 'ఫెర్రె' అంటే మోయడం. గ్రీకులో దీనికి సాటి వచ్చే క్రియ 'డియాఫెరో'. అందులోని 'ఫెరో' కూడా మోయడమే. ఈ రెండింటికీ సంస్కృతంలోని 'భృ' ధాతువు తోబుట్టువు. మనం రోజూ అనే భారం, భరించడం అక్కడివే. అంటే ఆ భాషలలో భేదించేవాడు తన పాలి బరువును ఎత్తుకొని వేరొక దిక్కుకు నడిచేవాడే కాని, బరువును కింద పడేసినవాడు కాడు. వాయిదా వేయడమన్న అర్థంలో వచ్చే 'డెఫర్' కూడా ఆ లాటిన్ క్రియ నుండే పుట్టింది. కాలంలో దూరంగా మోసుకుపోవడమే వాయిదా కదా.

గ్రీకులో అసలు విశేషం దీని తరువాత ఉంది. 'డియాఫెరే' అన్న రూపానికి తేడా ఉన్నదని ఒక అర్థమైతే, ఆ విషయం ముఖ్యమైనదని మరొక అర్థం. నేటి గ్రీకులో ఆసక్తిని 'ఎన్డియాఫెరోన్' అంటారు. మాట మధ్యలో ఆ తేడాయే కూర్చొని ఉంది. ఇంగ్లీషు 'ఇంటరెస్ట్' కథ కూడా వేరు కాదు: లాటిన్‌లో 'నడుమ ఉండడం' అన్న మాట 'తేడా పడుతుంది, కాబట్టి పట్టించుకోవలసినది' అన్న అర్థానికి చేరింది. దీనికి ఎదురుమాట గ్రీకులో 'అడియాఫొరోస్', తేడా లేనిది. మంచీ కాదు, చెడూ కాదు అనదగిన వాటిని, ధనాన్నీ ఆరోగ్యాన్నీ కూడా, ప్రాచీన గ్రీకులోని స్టోయిక్ శాఖ తాత్త్వికులు ఆ మాటతోనే పిలిచారు. ఏదీ పట్టనివాడిని ఇంగ్లీషులో 'ఇండిఫరెంట్' అంటారు. అరబ్బీలో వేరుచేయడమన్న అర్థం గల మూలం నుండి ఉర్దూ మీదుగా మా జిల్లాల నోటికి వచ్చిన 'ఫరక్' కూడా, 'పడదు' అన్న మాట తగలగానే, అదే చోటికి చేరుతుంది. ఇన్ని భాషలు, తేడా కనిపించడమూ మనసు ఉండడమూ ఒకటేనని ఒప్పుకోవడం నన్ను ఎంతగానో కదిలించింది. తెలుగులోనూ 'నాకు పట్టదు' అంటాము, వాదనలో బిగుసుకుపోవడాన్ని 'పట్టింపు' అంటాము. రెండిటిలోనూ ఉన్నది చేతితో పట్టుకోవడమే.

అభిప్రాయం కలవకపోవడానికి గ్రీకులో నేటికీ వాడే మాట 'డియాఫోనియా', అంటే విడిపోయిన స్వరం. కలవడం 'సింఫోనియా'. ఇంగ్లీషు 'డిస్కార్డ్' దీనికి దగ్గరగా కనిపించినా, దాని మూలంలో ఉన్నది స్వరం కాదు, హృదయం. ఈ రెండిటిలో నాకు గ్రీకు మాటే మేలనిపిస్తుంది, ఎందుకంటే హృదయాలు విడిపోతే ఇక మాటలుండవు, స్వరాలు విడిపోయినా పాట ఇంకా సాగుతూనే ఉంటుంది. మనం పత్రికలలో రాసే 'విభేదించు'లో ఉన్న ధాతువు 'భిద్'. దానికి చీల్చడమని అర్థం. అణువును చీల్చడాన్ని చెప్పే ఇంగ్లీషు 'ఫిషన్', పళ్లతో కొరకడాన్ని చెప్పే 'బైట్' దీని బంధువులే. తరగతిలో ఏ పిల్లనైనా "నీవు ఈ కవితో విభేదిస్తావా?" అని అడిగితే తలదించుకొని లేదంటుంది, అంత పదునైన మాటను పెద్దల మీదికి ఎత్తడానికి ఆమెకు చేయి రాదు. ఇక మా దిక్కున పంచాయితీ అంటే తగవు తీర్చే చోటే కాదు, తగవు కూడా. ఇటువంటి మాటల నడుమ పెరిగినవారికి, చీల్చకుండా కాదనడం సాధ్యమని తోచకపోవడంలో వింత లేదు.

గ్రీకు మాటలన్నీ మెత్తనివని నేననను. ఎంపిక అన్న అర్థంతో మొదలై, తాత్త్విక శాఖకు పేరై నిలిచిన 'హైరెసిస్', క్రైస్తవ మత వివాదాలలో ఇంగ్లీషు 'హెరెసీ'గా, నేరంగా మారింది. 325లో క్రైస్తవ మతపెద్దలు కూడిన నికేయా సభ క్రీస్తును గురించి ఒప్పుకొన్న 'హోమోఊసియోస్'కూ, తరువాతి దశాబ్దాలలో కొందరు దానికి బదులు కోరిన 'హోమోయిఊసియోస్'కూ నడుమ ఉన్నది 'ఇ' పలికే ఒక్క 'అయోటా' అక్షరమే. క్రీస్తుదీ తండ్రియైన దేవునిదీ ఒకే తత్త్వమని మొదటిది, పోలిన తత్త్వమని రెండవది చెబుతాయి. అంత చిన్న అక్షరం కోసం కొట్లాడారని ఈ కథను తేలికచేసి చెప్పడం నాకు నచ్చదు. వారికి ఫరక్ పడింది కనుకనే కొట్లాడారు.

అసమ్మతికి ఇంగ్లీషులో నాకు అన్నిటికంటె ఇష్టమైన మాట 'డిసెంట్'. అందులో ఉన్నది 'సెంటిరె', అనిపించడం. దీన్ని తెలుగులో ఎట్లా చెప్పాలని చాలాకాలం వెదికాను. ఏ నిఘంటువు ఇచ్చిన మాటా తృప్తినివ్వలేదు.

పోయిన వారం తమ్ముడు ఊరికి వచ్చాడు. పెద్దన్న వెంట తోటలో చెట్టు చెట్టునూ చూస్తూ తిరిగి, ఎండిన కొమ్మలు తీసివేస్తే సగం చెట్లు నిలుస్తాయన్నాడు. అన్న కుదరదన్నాడు. తమ్ముడు గట్టు మీద కూర్చొని, "నాకట్ల అనిపిస్తలేదన్నా" అన్నాడు. బావి దగ్గర నిలబడి వింటున్న అమ్మ, ఇద్దరినీ అన్నానికి రమ్మని పిలిచింది.