"లాభాల్లో ఒకటి" అని లోపల అనుకున్నాకే చెయ్యి తిరిగింది

ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాసి బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్ అవ్వాలంటే రైటింగ్‌లో 6.5 బ్యాండ్ కావాలి. నాకు మొదటిసారి 6 వచ్చింది. లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ మూడింట్లోనూ అడిగిన 7 వచ్చేసింది. అర బ్యాండ్ కోసం మళ్లీ అంత ఫీజు కట్టాలంటే ఆ రాత్రి అన్నం సయించలేదు.

మా వార్డులో సీనియర్ అక్క నా ప్రాక్టీస్ ఎస్సేలు తీసుకెళ్లి, ఒకే మాట చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఇచ్చింది. అడ్వాంటేజ్. రైటింగ్‌లో ఎస్సే రాసే టాస్క్ టూలో లాభనష్టాల ప్రశ్న తరచూ వస్తుంది. కనీసం 250 మాటల ఎస్సేలో ఆ పదం ఎన్నిసార్లు పడుతుందో! నేనేమో "వన్ ఆఫ్ ది అడ్వాంటేజ్ ఈజ్", "దేర్ ఈజ్ మెనీ అడ్వాంటేజ్" అని రాసుకుంటూ పోయాను. మార్కుల్లో నాలుగో వంతు వ్యాకరణానిదే.

"రూల్ తెలుసక్కా, రాసేటప్పుడు గుర్తుండట్లేదు" అన్నాను.

"అదే మాట తెలుగులో చెప్పవే."

"లాభాల్లో ఒకటి ఏంటంటే..."

"లాభంలో ఒకటి అనలేదుగా!"

నిజమే. తెలుగులో ఆ తప్పు నా నోట ఎప్పుడూ రాలేదు. లాభాలు బహువచనం, అందుకే అడ్వాంటేజెస్. మాట్లాడుతున్నది ఒక్కదాని గురించి, అందుకే ఈజ్.

"చాలా లాభం ఉంది" దగ్గర మాత్రం తెలుగే పక్కదారి పట్టించింది. మనకది సరైన వాక్యమే. మెనీ తర్వాత ఇంగ్లిష్ ఏకవచనాన్ని ఒప్పుకోదు. పైగా మన క్రియ చివర వస్తుంది, అప్పటికి లాభమో లాభాలో తేలిపోయి ఉంటుంది. ఇంగ్లిష్‌లో "దేర్" అనగానే ఈజా, ఆరా తేల్చుకోవాలి. అందుకని "లాభాలు ఉన్నాయి" అని ముందు మనసులో పూర్తిచేసుకుని, తర్వాతే పెన్ను కదిపేదాన్ని. వారం పాటు నత్తనడకే.

తర్వాత అతి జాగ్రత్త మొదలైంది. "టేక్ అడ్వాంటేజెస్ ఆఫ్" అని రాశాను. అవకాశాన్ని వాడుకోవడం అనే అర్థంలో అక్కడ ఎస్ రాదు, అది ఉన్నదున్నట్టు పట్టుకోవాల్సిన మాట. లాభాలకే ఇంకో మాటగా ప్రోస్ అని రాసేటప్పుడు ఎస్ ముందు అపాస్ట్రఫీ పెట్టే అలవాటునూ అక్కే మాన్పించింది.

రెండోసారి పరీక్షలో చివరి 3 నిమిషాలు ఆ ఒక్క పదం కోసమే ఎస్సే అంతా వెతికాను. ఒకచోట ఎస్ లేదు. పెట్టాను. రిజల్ట్ వచ్చినప్పుడు నైట్ డ్యూటీలో ఉన్నాం. ఫోన్ అక్క చేతికిచ్చాను. రైటింగ్ 6.5.