శనివారం మాత్రం ఇడ్లీ

పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) అని తేలిన రోజు నాకు ముందుగా గుర్తొచ్చింది అమ్మ చేసే ఇడ్లీలే. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే శరీరం దాన్ని మరింత తయారు చేస్తుందని, అది అండాశయాల్లో పురుష హార్మోన్లను పెంచుతుందని డాక్టరు గారు ఓపికగా వివరించారు. పొద్దున పిండి పదార్థాలు తగ్గించి చూడమన్నారు.

అప్పటినుంచి పొద్దున టిఫిన్ కోసం ప్రతి ఆదివారం 6 గుడ్లు గిలకొట్టి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పాలకూర, కాస్త పనీరు కలిపి, చిన్న గిన్నెల్లో పోసి ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచుతున్నాను. మొదటిసారి పాలకూర పచ్చిగానే వేశాను, అడుగంతా నీళ్లే. ఇప్పుడు మగ్గించి, నీరంతా పిండేసి వేస్తున్నాను. ఆ ఒక్క పనితో రుచే మారిపోయింది. తీయగానే పూరీల్లా పొంగి ఉంటాయి, చల్లారాక కుంగుతాయి. కంగారు పడకండి, గుడ్డు స్వభావమే అంత.

ఓవెన్ లేని మా అక్క గుంత పొంగనాల పెనంలో మూతపెట్టి చేస్తోంది. నిజం చెప్పాలంటే అవే ఇంకా బాగున్నాయి, అంచులు ఎర్రగా వేగి.

గుడ్డుకు దాదాపు 6 గ్రాముల ప్రొటీన్, పిండి పదార్థం 1 గ్రాము లోపే. పదకొండు గంటలకు చేతులు వణికించే ఆ ఆకలి నాకిప్పుడు రావడం లేదు.

శనివారం మా ఇంట్లో గుడ్డు ముట్టరు. ఆ రోజు రెండు ఇడ్లీలు, గిన్నె నిండా సాంబారు.