పంటి చీముకి మందు, పేగుకి తిప్పలు

నాకు పెన్సిలిన్ పడదని పాత ఫైల్లో రాసి ఉండటంతో పంటి చీముకి క్లిండామైసిన్ 300 మి.గ్రా. క్యాప్సూల్స్ రాశారు. (పెన్సిలిన్ అలర్జీ అని ముద్ర పడినవాళ్లకి సరిగ్గా పరీక్ష చేస్తే, పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఆ మందుని నిక్షేపంగా తట్టుకుంటారు. ఆ పరీక్ష చేయించుకోవడం మంచిది, ఎందుకో తర్వాత అర్థమవుతుంది.) గాలి తగలనిచోట పెరిగే బ్యాక్టీరియాని క్లిండామైసిన్ బాగా చంపుతుంది. పెద్దపేగులో మనకి పనికొచ్చే బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం కూడా ఆ రకమే. పన్ను కుదుటపడింది, కోర్సు అయిపోయిన కొన్నాళ్లకి నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి.

నెల్లూరు నుంచి పిన్ని ఫోన్లో, "వేడి చేసిందిలే, పెరుగులో మెంతులు వేసుకుని మింగు" అంది. యాంటీబయోటిక్ వాడేవాళ్లకి వచ్చే మామూలు విరేచనాలకి ఆ సలహాలో తప్పేమీ లేదు. పిండిపదార్థాల్ని పులియబెట్టే బ్యాక్టీరియా తగ్గిపోతే, అరగని పదార్థం పేగులోకి నీటిని లాక్కుంటుంది. ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయోటిక్స్ అయితే పేగు కదలికనే పెంచుతాయి. మందు ఆపితే ఇవి చాలామందికి కొద్దిరోజుల్లో సర్దుకుంటాయి. నాది ఆ బాపతు కాదు. 24 గంటల్లో మూడుసార్లు లేదా అంతకుమించి నీళ్లలా పోవడం, పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి, జ్వరం, మందు మానేశాక కూడా తగ్గకపోవడం: ఇలాంటివి కనిపిస్తే క్లాస్ట్రిడియాయిడీస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా‌ని అనుమానించాలి. కోర్సు ముగిసిన రెండు మూడు నెలల వరకూ ఈ ప్రమాదం ఉంటుంది. ఈ దశలో విరేచనాలు కట్టడానికి లోపరమైడ్ వేసుకోవద్దు. పేగు కదలిక ఆగితే ఆ బ్యాక్టీరియా వదిలే విషం లోపలే నిలవుంటుంది.

ఈ బ్యాక్టీరియాని 1935లోనే పసిపిల్లల మలంలో గుర్తించారు. యాంటీబయోటిక్ వాడాక వచ్చే పెద్దపేగు వాపుకి ఇదే కారణమని తేలింది మాత్రం 1978లో. 1970లలో అందరి అనుమానమూ క్లిండామైసిన్ మీదే ఉండేది. సెఫలోస్పోరిన్లు, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి, అమాక్సిసిలిన్-క్లావులనేట్ కూడా ఈ పని చేయగలవు. జరిగేది ఇది: కాలేయం తయారుచేసే పైత్యరస ఆమ్లాల్ని పేగులోని కొన్ని బ్యాక్టీరియా మరో రూపంలోకి మారుస్తాయి. మారిన రూపం డిఫిసిల్‌ని పెరగనివ్వదు. మారని రూపం దాని స్పోర్లని (విత్తనాల్లా నిద్రాణంగా ఉండే మొండి రూపాల్ని) మొలకెత్తిస్తుంది. మార్చేవాళ్లు పోతే మొలకెత్తించేదే మిగులుతుంది.

చెన్నైలో పెద్ద ల్యాబులు ఈ పరీక్ష చేస్తాయి, కానీ చీటీలో పేరు పెట్టి రాయించుకోవాలి. ఉత్త 'స్టూల్ కల్చర్' అని రాస్తే ఇది దొరకదు. ముందు జీడీహెచ్ అనే యాంటిజెన్ (ఆ బ్యాక్టీరియా ఉందని చూపే ప్రోటీన్), దాంతోపాటు అది వదిలే ఎ, బి టాక్సిన్లు (విషాలు) చూస్తారు. రెండూ పొసగకపోతే పీసీఆర్ చేస్తారు. డబ్బాలో ఇచ్చేది పలచటి మలమే అయ్యుండాలి. గట్టిపడిన మలంలో ఈ బ్యాక్టీరియా కనిపించినా అది జబ్బని చెప్పలేం, ఏ హానీ లేకుండా దాన్ని మోసేవాళ్లు చాలామంది ఉంటారు. అదే కారణంగా, తగ్గాక 'నెగెటివ్ వచ్చిందా' అని మళ్లీ పరీక్ష చేయించడం దండగ. వారాల తరబడి పాజిటివ్ రావచ్చు. రక్తంలో తెల్లకణాలు 15,000 మించినా, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.5 దాటినా తీవ్రమైన జబ్బుగా లెక్క. నావి ఆ లోపే ఉన్నాయి.

మందు వాంకోమైసిన్, 125 మి.గ్రా. రోజుకి నాలుగుసార్లు, 10 రోజులు, నోటి ద్వారానే. సెలైన్‌లో ఎక్కిస్తే అది పేగు లోపలికి చేరదు, కాబట్టి ఈ జబ్బుకి పనికిరాదు. క్యాప్సూల్ దొరకనిచోట ఇంజెక్షన్ వయల్‌నే తాగిస్తారు. 500 మి.గ్రా. పొడిని 10 మి.లీ. స్టెరైల్ వాటర్‌లో కరిగిస్తే, ప్రతి 2.5 మి.లీ.లో ఒక డోసు ఉంటుంది. అంటే ఒక వయల్ ఒక రోజుకి సరి. మిగతాది ఫ్రిజ్‌లో పెట్టి, తాగేముందు కొంచెం నీళ్లలో కలుపుకోవాలి. చేదు పరమ చెడ్డది. చెన్నైలో ప్రతి కొట్లోనూ దొరికే నన్నారి షర్బత్ ఒక చెంచా కలిపితే గొంతు దిగుతుంది. చాలామందికి తెలిసిన మెట్రోనిడజోల్‌కి 2018లో వెలువడిన అమెరికా మార్గదర్శకాల నుంచీ మొదటి స్థానం పోయింది. యాంటీబయోటిక్‌తో పాటు అలవాటుగా ఇచ్చే గ్యాస్ మాత్రని, పాంటోప్రజోల్‌ని, మా డాక్టరుగారు ఆపించేశారు. కడుపులో ఆమ్లం తగ్గించే మాత్రలు వాడేవాళ్లలో ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది. అవసరం లేనివాళ్లు ఆ మాత్రలు వేసుకోవడం నాకెప్పుడూ అర్థంకాని సంగతి.

ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ ఒక లీటరుకి. గ్లాసుడు నీళ్లలో పావు ప్యాకెట్ అంటూ కళ్లతో కొలిస్తే ఉప్పు ఎక్కువతక్కువలవుతుంది. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి.

ఇంట్లో అసలు పని బాత్రూమ్ దగ్గర ఉంది. శానిటైజర్ ఈ స్పోర్లని చంపదు, సబ్బుతో నీళ్లకింద చేతులు రుద్దుకుంటేనే అవి కొట్టుకుపోతాయి. కమోడ్, కుళాయి, ఫ్లష్ బటన్, తలుపు గడియ వీటికి సోడియం హైపోక్లోరైట్ కావాలి. 5 శాతం ద్రావణం ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, తుడిచి, 10 నిమిషాలు తడిగా వదిలేయాలి. అదే కమోడ్‌లో యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్ పోసి ఉంటే దాని మీద దీన్ని పోయకూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది. తువ్వాలు వేరే పెట్టుకోవాలి.

విరేచనాలు తగ్గడం వేరు, పేగులో మంచి బ్యాక్టీరియా మళ్లీ నిండటం వేరు. డెన్మార్క్‌లో 12 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకి నాలుగు రోజులు మూడు బలమైన యాంటీబయోటిక్స్ ఇచ్చి చూస్తే, నెలన్నరకల్లా బ్యాక్టీరియా చాలావరకు తిరిగొచ్చాయి. ఆరు నెలలకి కూడా తొమ్మిది జాతుల జాడ లేదు. ఇది 2018లో అచ్చయింది. అదే ఏడాది ఇజ్రాయెల్ పరిశోధకులు, యాంటీబయోటిక్ తర్వాత ప్రోబయోటిక్ మింగినవాళ్లలో సొంత బ్యాక్టీరియా తిరిగిరావడం ఆలస్యమైందని చూపించారు. కాబట్టి 'మంచి బ్యాక్టీరియా' క్యాప్సూల్స్ నెలలపాటు వాడటం నేను ఒప్పుకోను. శాకరోమైసిస్ బౌలార్డి సంగతి కాస్త వేరు. అది ఈస్ట్ కాబట్టి యాంటీబయోటిక్ దాన్ని చంపదు, కోర్సు నడుస్తున్నప్పుడు మామూలు విరేచనాల్ని తగ్గిస్తుంది. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకీ, సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే గొట్టం) ఉన్నవాళ్లకీ మాత్రం అది వద్దు, రక్తంలోకి చేరగలదు.

తిండి విషయంలో పాలు కొన్నాళ్లు మానాను, పెరుగు మానలేదు. పేగు దెబ్బతిన్నప్పుడు లాక్టోజ్ అరగడం తగ్గుతుంది, పెరుగులో అది కొంత ఖర్చయిపోయి ఉంటుంది. చిన్నపేగులో అరగని పిండిపదార్థం పెద్దపేగులో పులిసి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలుగా మారుతుంది. పేగుగోడ కణాలకి ముఖ్య ఆహారం అదే. ఇలాంటి పిండిని ఓఆర్ఎస్‌లో కలిపి కలరా రోగులకి ఇస్తే విరేచనాలు తగ్గాయని వేలూరు సీఎంసీ వైద్యులు 2000లోనే చూపించారు. మన వంటింట్లో అది అరటికాయలోనూ, చల్లారిన అన్నంలోనూ ఉంటుంది. చద్దన్నం మంచిదే, కాకపోతే చెన్నై ఎండల్లో రాత్రంతా బయట పెడితే తెల్లారేసరికి అతిగా పులుస్తుంది. పడుకోబోయే ముందు నీళ్లు పోసి ఫ్రిజ్‌లో పెట్టి, లేవగానే మజ్జిగతో తినేస్తే సరి. శనగలు, అలసందలు ముందే మొదలుపెడితే కడుపు ఉబ్బరిస్తుంది, మలం గట్టిపడ్డాక కొద్దికొద్దిగా పెంచాలి.

మొదటిసారి తగ్గినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఇది తిరగబెడుతుంది, ఎక్కువగా ఎనిమిది వారాల్లోపు. అప్పుడు వాంకోమైసిన్‌ని వారాల తరబడి మెల్లగా తగ్గిస్తూ ఇస్తారు, లేదా ఫిడాక్సోమైసిన్ అనే మరో యాంటీబయోటిక్ ఇస్తారు. అదీ కుదరకపోతే ఆరోగ్యవంతుల మలంలోని బ్యాక్టీరియాని కొలనోస్కోప్ ద్వారానో, ముక్కులోంచి చిన్నపేగులోకి వేసిన గొట్టం ద్వారానో పేగులో నింపుతారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో చేసి 2013లో ప్రచురించిన పరీక్షలో పదేపదే తిరగబెట్టిన 16 మందికి ముక్కు గొట్టం ద్వారా అది చేస్తే 13 మందికి ఒక్కసారితోనే నయమైంది. నాకు తిరగబెట్టలేదు కాబట్టి అక్కడిదాకా వెళ్లలేదు.