రెండు తీగలు, సగం ఆఫీసు

మా ఆఫీసు ఫైల్ సర్వర్‌కు రెండు గిగాబిట్ పోర్టులున్నాయి. ఇన్నాళ్లూ ఒకదాన్నే వాడుతూ వచ్చాం. ఎడిటింగ్ గదిలో ముగ్గురు ఒకేసారి వీడియో ఫైళ్లు తెరిస్తే మిగిలినవాళ్లకు నత్తనడకే. మేనేజ్డ్ స్విచ్ (కంప్యూటర్లన్నిటినీ కలిపే, సెట్టింగులు మార్చుకోగల పెట్టె) కొన్నాక, రెండు పోర్టులనూ జత కడదామని ఒక శనివారం కూర్చున్నాను. గంట పని అనుకున్నాను.

లినక్స్ సర్వర్‌లో బాండింగ్ (పోర్టులను ఒక్కటిగా వాడే ఏర్పాటు) నాలుగో మోడ్, అంటే 802.3ఏడీ, పెట్టాను. స్విచ్‌లో 7, 8 పోర్టులతో ఒక గ్రూపు చేశాను. రెండు దీపాలూ పచ్చగా వెలిగాయి. తీరా చూస్తే సగం కంప్యూటర్లకే సర్వర్ అందుతోంది! నా బల్ల నుంచి పింగ్ (సర్వర్ అందుతోందా అని చూసే పలకరింపు) వెళ్తోంది, పక్క బల్ల నుంచి వెళ్లడం లేదు. కేబుళ్లు మార్చాను. ఐపీ చిరునామాలు ఢీకొంటున్నాయేమోనని వెతికాను. మధ్యాహ్నమైపోయింది.

చివరికి సర్వర్‌లో బాండ్ స్థితి చూపే ఫైలు తెరిచాను. అవతలి పక్షం, అంటే స్విచ్, మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్ పరికరానికి ఉండే గుర్తింపు సంఖ్య) ఉండాల్సిన చోట అన్నీ సున్నాలు. స్విచ్‌లో గ్రూపు రకం ‘స్టాటిక్’ (అవతలి పక్షాన్ని అడగకుండానే జత కట్టేది) అని ముందే ఎంపికై ఉంది, నేనే చూడలేదు. సర్వర్ ఎల్‌ఏసీపీలో (802.3ఏడీలో తీగల జత గురించి రెండు పక్షాలూ మాట్లాడుకునే భాష) పలకరిస్తుంటే స్విచ్ ఉలకదు, పలకదు. జవాబు లేక సర్వర్ ఒక్క తీగనే నమ్ముకుని, రెండోదానిలో వచ్చినదంతా పారేస్తోంది. స్విచ్ మాత్రం రెండూ పనిచేస్తున్నాయనుకుని కొన్ని కంప్యూటర్లను ఈ తీగకు, కొన్నింటిని ఆ తీగకు పంచుతోంది. పక్క బల్ల ఆ రెండో తీగ వాటాకు వచ్చింది.

రకం ఎల్‌ఏసీపీకి మార్చగానే సున్నాల చోట స్విచ్ చిరునామా కనిపించింది, ఆ వెంటనే సర్వర్ అందరికీ మాయమైంది. విడి పోర్టులకు ఇచ్చిన వీలాన్ 20 (స్విచ్‌లోనే వేరుగా గీసిన నెట్‌వర్క్) గ్రూపుకు రాలేదట. గ్రూపునే అందులో చేర్చాను.

ఇక వేగం. ఎడిటింగ్ గదిలోని రెండు కంప్యూటర్లలో ఒకేసారి కాపీ పెట్టాను. ఒక్కోదానికి సెకనుకు 55 మెగాబైట్లు, అంటే ఒక్క తీగ వేగాన్నే చెరి సగం. ఇంత శ్రమా వృథాయేనా అనిపించింది. నిజానికి ఒక సంభాషణ మొత్తం ఒకే తీగలో నడుస్తుంది, ఏ తీగో చిరునామాల లెక్క తేలుస్తుంది. మ్యాక్‌ల లెక్కలో ఈ రెండూ ఒకే తీగకు పడ్డాయి. సర్వర్‌లో ఐపీలను, పోర్టు సంఖ్యలను (తీగ గుచ్చే పోర్టులు కావు, సంభాషణలను వేరుచేసే అంకెలు) చూసే పద్ధతి పెట్టాక చదవడం రెండింటిలోనూ వంద దాటింది. రాయడం మాత్రం పాత కథే. సర్వర్ వైపు వచ్చేదాన్ని పంచేది స్విచ్ కదా! అక్కడా ఐపీల పద్ధతికి మార్చాను.

కాపీ నడుస్తుండగా ఒక తీగ పీకాను. ఒక్క క్షణం తడబడి కాపీ సాగిపోయింది. ఆ సంబరంలో ఇంటికెళ్లాను.

మంగళవారం కరెంటు పోయి వచ్చింది. సగం ఆఫీసు నా బల్ల చుట్టూ చేరింది. ఆ ఫైలు తెరిస్తే మళ్లీ అవే సున్నాలు. స్విచ్‌లో ‘సేవ్’ మీట ఎక్కడో మూడో మెనూలో ఉంది.