రాత్రి గడ్డకట్టిందా, లేదా?

పొద్దున్నే గడ్డి మీద మెరిసేదీ మంచే, సంక్రాంతి ముందు రోడ్డు కనపడకుండా కమ్మేసేదీ మంచే, కొండ మీద పేరుకున్నదీ మంచే. మనకి అన్నిటికీ ఒకటే మాట. కొలరాడోకి వచ్చిన కొత్తలో నా కంటికి కూడా తెల్లగా ఉన్నదంతా ఒకటిగానే కనిపించేది. రాత్రి గడ్డకట్టిన మంచు వేరు, కట్టని మంచు వేరు అని తెలుసుకోవడానికి నాకు ఒక చలికాలమూ, ఒక ఏప్రిల్ నెలా పట్టాయి.

జనవరిలో మూడు రోజుల అవలాంచ్ కోర్సులో చేరాను. అవలాంచ్ అంటే కొండవాలు మీద మంచు చరియ విరిగి జారిపడటం. 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీదే మంచు చరియలు ఎక్కువగా జారతాయని, వాలు ఎలా కొలవాలో, రాష్ట్ర అవలాంచ్ కేంద్రం రోజూ ఇచ్చే 1 నుంచి 5 దాకా ఉండే ప్రమాద స్థాయిని ఎలా చదవాలో నేర్పారు. నన్ను మార్చింది మాత్రం బీకన్ వెతుకులాట. బీకన్ అంటే మంచు కింద పూడిపోయినవాళ్లని కనిపెట్టడానికి ఒంటికి కట్టుకునే చిన్న సంకేతాల పరికరం. మా గురువు ఒక సంచిలో బీకన్ పెట్టి, మేం చూడకుండా మీటరు లోతున పాతేశారు. నా చేతిలోని బీకన్ మీద దూరం చూపే అంకె 20, 9, 3 అని తగ్గుతూ వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని దాన్ని మంచుకి ఆనించి, అంకె అన్నిటికన్నా తగ్గిన చోట ప్రోబ్ కర్ర, అంటే మంచులో గుచ్చి చూసే పొడుగాటి కర్ర, దింపాను. మొదటి రెండుసార్లు నేల తగిలి ఠక్కుమంది. మూడోసారి ఏదో మెత్తగా ఎదురుతన్నింది. ఆ స్పర్శ అరచేతిలో ఇప్పటికీ ఉంది. తవ్వి తీసేసరికి 14 నిమిషాలు. పూడిపోయిన మనిషికి పావుగంట దాటితే బతికే ఆశ వేగంగా పడిపోతుందని ఆయన అప్పుడు చెప్పారు. సంచి పట్టుకుని నిలబడ్డ నాకు నోట మాట రాలేదు.

చలికాలం పోయింది కదా, ఇక భయం లేదనుకునేవాళ్లకి ఆయన ఒక తేదీ చెప్పేవారు. 2013 ఏప్రిల్ 20. కొలరాడోలోనే లవ్‌లాండ్ పాస్ అనే కొండ కనుమ దగ్గర, షీప్ క్రీక్ అనే చోట ఆరుగురు చరియ కింద పడ్డారు. ఐదుగురు పోయారు. అది ఉత్తరం వైపు వాలు. చలికాలం మొదట్లో పడిన బలహీనమైన పొర, చక్కెర పలుకుల్లాంటి మంచు, అడుగున అలాగే ఉండిపోయింది. ఎండకాలం వస్తున్నంత మాత్రాన అది నయమైపోదు.

ఎండ తగిలే వాలుల లెక్క వేరు. అక్కడ గడియారం చూసుకోవాలి. పగలు కరిగిన మంచు రాత్రి గడ్డకడితే పొద్దున్న రాయిలా ఉంటుంది, నడవొచ్చు. ఎండెక్కేకొద్దీ నీరు లోపలికి దిగి పొరల పట్టు వదులుతుంది. ముందు తూర్పు వాలు, తర్వాత దక్షిణం, ఆ తర్వాత పడమర. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే గాలి వేడి సున్నాకి కాస్త పైనున్నా పైపొర గడ్డకడుతుంది. మబ్బు పట్టిందంటే కొండకి దుప్పటి కప్పినట్టే, లోపలి వేడి బయటికి పోదు.

ఏప్రిల్ రెండో వారంలో నేనూ, మా పిన్ని కొడుకూ బెర్తూడ్ పాస్ వైపు వెళ్లాం. రాత్రంతా మబ్బు. ఎనిమిదింటికే పెళుసు పొర విరిగి బూటు చీలమండ దాకా దిగింది. తొమ్మిదిన్నరకి రాళ్ల కింద నుంచి చిన్న చిన్న మంచు ఉండలు, జారుతూ చుట్టుకుంటూ బండి చక్రాల్లా కిందికి రావడం మొదలైంది. గుప్పెడు మంచు తీసి పిండితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి.

"అన్నా, ఇంకో అరగంటే కదా. ఎక్కేద్దాం."

"వద్దురా. దిగిపోదాం."

"ఇంత దూరం వచ్చి?"

ఆ ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబు లేదు. తడిచిన గ్లవ్ చూపించాను, అంతే. వాడు ముఖం ముడుచుకునే దిగాడు. మధ్యాహ్నం దాకా కారు దగ్గరే కూర్చుని ఆ వాలునే చూస్తూ ఉన్నాం. ఏమీ జారలేదు. నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది ఇదే. వెనక్కి తిరగడం సరైనదో కాదో కొండ ఎప్పుడూ చెప్పదు. తప్పు చేసినా చాలాసార్లు ఊరుకుంటుంది, మనకేమో మనం తెలివైనవాళ్లమన్న నమ్మకం పెరిగిపోతుంది.

వాడు పది రోజులు ఆ ఊసే ఎత్తలేదు. నేనూ బలవంతం చేయలేదు. తర్వాత ఒక ఆదివారం తెల్లవారుజామున మూడున్నరకి ఫోన్ మోగింది.

"అన్నా, బయటికొచ్చి చూశావా? మబ్బు లేదు, చుక్కలన్నీ కనిపిస్తున్నాయి. పదింటికల్లా కిందికి దిగిపోదాం. బయల్దేరు."