ముందు కదిలేది ఆవు చెవి

బీడులో మేస్తున్న ఆవు దగ్గరకు గుర్రం మీద నిదానంగా వెళ్తుంటే మొదట కదిలేది దాని కాలు కాదు, చెవి. ఒక చెవి మన వైపు తిరుగుతుంది. ఇంకో పది అడుగులు దగ్గరైతే నమలడం ఆగిపోతుంది, తల పైకి లేస్తుంది. మరో రెండడుగులు వేస్తే ముంగాలు పక్కకు పడుతుంది. తల లేవడానికీ కాలు పడడానికీ మధ్య ఉన్న ఆ కాస్త జాగాలోనే అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో రాంచ్ పనంతా, అంటే విశాలమైన బీళ్ళలో పశువులను పెంచే పనంతా నడుస్తుంది. మోంటానాలో అయినా, నెవాడాలో అయినా, టెక్సస్‌లో అయినా జీను ఆకారం మారుతుంది, తాడు పొడవు మారుతుంది, టోపీ అంచు మారుతుంది. ఆవు మాత్రం ఒక్కటే.

దగ్గరకు వెళ్తే పశువు పక్కకు తప్పుకునే ఆ దూరాన్ని ఫ్లైట్ జోన్ అంటారు. బెదురు హద్దు అనుకోండి. రోజూ మనిషిని చూసే ఆవుకు అది నాలుగైదు అడుగులే ఉండొచ్చు. కొండల్లో వేసవంతా మనిషి నీడ కూడా చూడని ఆవుకు వంద అడుగులు దాటుతుంది. ఆ హద్దు అంచు మీద ఉండడమే పని. అంచు దాటి ఒక అడుగు లోపలికి పెడితే ఆవు కదులుతుంది, ఆ అడుగు వెనక్కి తీసుకుంటే నెమ్మదిస్తుంది. హద్దు లోపలికి బాగా చొరబడి అక్కడే ఉండిపోతే మాత్రం పరుగు లంకించుకుంటుంది, లేదంటే తిరగబడి మన పక్కనుంచే దూసుకుపోతుంది. అప్పుడు తప్పు ఆవుది కాదు.

ఆవు కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ 300 డిగ్రీలకు పైగా చూడగలదు. సరిగ్గా తోక వెనక మాత్రం దానికేమీ కనపడదు. కొత్తవాళ్ళు చేసే మొదటి పొరపాటు అక్కడే. ముందుకు తోలాలని నేరుగా తోక వెనక చేరతారు. వెనక ఏదో ఉందని తెలుసు, కనపడడం లేదు, అందుకని చూడడానికి అది తల తిప్పుతుంది. తల తిరిగితే ఒళ్ళూ తిరుగుతుంది, దారి తప్పుతుంది. కొంచెం పక్కగా, భుజానికి వెనకగా, దాని కంటికి ఆనేలా ఉంటే తిన్నగా నడుస్తుంది.

భుజం దగ్గర ఇంకో కిటుకుంది. దాన్ని త్రాసు ముల్లులా అనుకోవచ్చు. మనం భుజానికి వెనక ఉంటే ఆవు ముందుకు పోతుంది, భుజం దాటి తల వైపుకు వెళ్తే ఆగుతుంది, లేదా వెనక్కి తిరుగుతుంది. అందుకే వరసగా నడుస్తున్న ఆవుల పక్కన, అవి వెళ్ళే దిక్కునే, వాటికన్నా వేగంగా గుర్రాన్ని నడిపితే అవి నెమ్మదిస్తాయి. వాటికి ఎదురు దిక్కులో తల నుంచి తోక వైపుకు నడిపితే, ఒక్కో భుజం దాటినప్పుడల్లా ఒక్కో ఆవు చురుగ్గా ముందుకు కదులుతుంది. కాగితం మీద చదివితే తలకిందులుగా అనిపిస్తుంది. కంచె పక్కన ఒకసారి చేసి చూస్తే చాలు, ఇక మరిచిపోరు. ఈ హద్దునీ, ఈ భుజం లెక్కనీ పశుశాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ బొమ్మలు గీసి అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. బడ్ విలియమ్స్ అనే ఆయన ఊరూరా తిరిగి, అరుపూ కర్రా లేకుండా మందను ఎలా తోలాలో జీవితమంతా నేర్పాడు.

మంద మొత్తాన్ని కదిలించాలంటే వెనక ఒకచోట నిలబడి తరమకూడదు. మంద వెనక ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు అడ్డంగా, తిన్నని గీతల్లో నడుస్తూ ఉండాలి. ఆ గీతలు మంద చుట్టూ విల్లులా వంగాయంటే పక్కన ఉన్నవి మధ్యకు ముడుచుకుని గిరగిరా తిరగడం మొదలుపెడతాయి. ముందున్నవి నడక అందుకున్నాక వెనకవాటి మీద ఒత్తిడి తగ్గించాలి. సరిగ్గా నడుస్తున్న ఆవును ఇంకా అదిలించడమంత చెడ్డ అలవాటు ఇంకోటి లేదు. అడిగింది చేసినా హాయి లేదని అది నేర్చుకుంటుంది. అలా నేర్చుకున్న ఆవు ఏడాది పొడుగునా ప్రతి గేటు దగ్గరా ఆ సంగతి మనకు గుర్తు చేస్తుంది.

దూడలతో ఉన్న ఆవులను తోలడం వేరే పని. నడుస్తూ నడుస్తూ దూడలన్నీ వెనక పోగవుతాయి. తల్లులు ముందు పోతుంటాయి. దూడకు తల్లి కనపడకపోతే బుర్రలో ఒకే ఆలోచన ఉంటుంది. చివరిసారి పాలు తాగిన చోటికి వెళ్ళిపోవాలి, అంతే. తోక ఎత్తి ఒకటి వెనక్కి పరుగు తీసిందంటే దాని వెంట ఇంకో పది పోతాయి. వాటిని గుర్రంతో తరిమి మళ్ళించాలని చూస్తే ఇంకా రెచ్చిపోతాయి. మంద వెనక భాగాన్ని వదులుగా ఉంచి, తల్లులు అప్పుడప్పుడూ ఆగి అరుచుకుని దూడను వెతుక్కునే వీలివ్వాలి. కొత్త బీడుకు చేరగానే గేటు వేసి ఇంటికి పోకూడదు. ప్రతి దూడా తల్లిని చేరి పొదుగు పట్టేదాకా మందను అక్కడే పట్టి ఉంచాలి. ఇది అరగంట పట్టొచ్చు, రెండు గంటలూ పట్టొచ్చు. తొందరపడి వెళ్ళిపోతే తెల్లారేసరికి దూడలు పాత బీడు కంచె దగ్గర అరుస్తుంటాయి, తల్లులు కంచెలు తెంచుకుంటాయి. నిన్నటి పనంతా మళ్ళీ మొదటికొస్తుంది.

నిదానంగా తోలడంలో డబ్బు లెక్క కూడా ఉంది. అమ్మే రోజున పరుగులు పెట్టించిన మంద కాటా మీదికి వచ్చేసరికి బరువు తగ్గి తేలిపోతుంది. ముందు పేడా మూత్రమూ పోతాయి, ఆ తర్వాత ఒంట్లో నీరు పోతుంది. రాంచర్‌కు ఏడాదికి ఒకసారి వచ్చే జీతం ఆ కాటా మీదే ఉంది.

ఇక గుర్రం సంగతి. జీను వేసే ముందు వీపు మీద అరచేయి ఆనించి మూపు నుంచి నడుము దాకా రాయాలి. గడ్డి పరకో, ఎండిన మట్టి బెడ్డో ఒక్కటి మిగిలినా మధ్యాహ్నానికి పుండవుతుంది. జీను కింద వేసే మందపాటి గుడ్డను మొదట మూపు మీద కాస్త ముందుగా వేసి, వెంట్రుకలు పడుకున్న దిక్కున వెనక్కి జరపాలి. ముందుకు జరిపితే వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఒరిపిడి పుడుతుంది. జీను పెట్టాక ఆ గుడ్డను మూపు దగ్గర వేలితో పైకెత్తి గాలి ఆడేలా చేయాలి. బిగుతుగా అతుక్కుంటే మూపు ఎముక మీద నేరుగా బరువు పడుతుంది.

జీనును బిగించే పట్టాలు కట్టే వరస తప్పకూడదు. ముందు పట్టా మొదట, వెనక పట్టా తర్వాత, రొమ్ము పట్టా ఆఖరున. విప్పేటప్పుడు సరిగ్గా దీనికి ఎదురు వరస. కారణం సులువు. వెనక పట్టా ఒక్కటే కట్టి ఉన్నప్పుడు గుర్రం బెదిరిందనుకోండి, జీను పొట్ట కిందికి జారి వెనక కాళ్ళకు తగులుతుంది. అలా ఒకసారి పొట్ట కింద జీనుతో పరుగెత్తిన గుర్రం మళ్ళీ మామూలు గుర్రం కావడానికి నెలలు పడుతుంది. ముందు, వెనక పట్టాలను కలిపే చిన్న తోలు పట్టీ కూడా ఉండి తీరాలి. అది లేకపోతే వెనక పట్టా వెనక్కి జారి తొడల ముందు నొక్కుతుంది, అప్పుడు ఏ మంచి గుర్రమైనా ఎగిరి తన్నుతుంది. వెనక పట్టా మరీ వదులుగా వేలాడితే ఈగను తోలుకోబోయిన కాలు అందులో ఇరుక్కుంటుంది. పొట్టకు ఆనీ ఆననట్టు ఉంటే సరి.

ముందు పట్టాను ఒకేసారి బిగించకూడదు. మొదట జీను జారకుండా మాత్రం కట్టి, నాలుగడుగులు నడిపించి, మళ్ళీ ఒక రంధ్రం బిగించి, ఎక్కబోయే ముందు మూడోసారి చూడాలి. చాలా గుర్రాలు మొదటిసారి ఒళ్ళు బిగబట్టి పొట్ట ఉబ్బిస్తాయి. నడిస్తే ఆ గాలి దిగుతుంది. చలికాలం తెల్లవారుజామున ఇంకో పని ఉంది. కళ్ళెం ఇనుమును కాసేపు గుప్పిట్లో పట్టుకునో, కోటు లోపల పెట్టుకునో వెచ్చబరచాలి. మంచులా గడ్డకట్టిన ఇనుమును నోట్లో పెడితే నాలుకా పెదవీ అంటుకుని తోలు లేస్తుంది. తర్వాత ఆ గుర్రం కళ్ళెం చూస్తే తల ఎత్తేస్తుందని తిట్టుకుని లాభమేముంది.

గుర్రానికీ ఆవు పాఠమే. కాలితో నొక్కితే పక్కకు జరగాలి, పగ్గం అందుకుంటే ఆగాలి. అది అడిగింది చేసిన క్షణంలోనే నొక్కడం ఆపాలి. ఒక అరక్షణం ఆలస్యమైతే దేనికి మెచ్చుకున్నామో దానికి తెలియదు. టామ్ డోరెన్స్, రే హంట్ లాంటి పాతకాలం గుర్రపు మనుషులు చెప్పిందంతా ఈ ఒక్క అరక్షణం గురించే.

తాడు దగ్గరకొస్తే ప్రాంతాల వాదన మొదలవుతుంది. టెక్సస్‌లో చాలామంది ముప్పై అడుగుల పొట్టి తాడు చివరను జీను కొమ్ముకు గట్టిగా ముడేసి ఉంచుతారు. ముళ్ళపొదల్లో ఆవు కనపడేది రెండు క్షణాలే, తాడు జారిపోతే మళ్ళీ దొరకదు. నెవాడా వైపు బకరూలు, అంటే అక్కడి కౌబాయ్‌లు, యాభై అరవై అడుగుల తాడు వాడతారు, ముడి వేయరు. ఉచ్చు పడ్డాక తాడును కొమ్ము చుట్టూ తిప్పి పట్టుకుంటారు. దాన్ని డాలీ అంటారు, స్పానిష్ నుంచి వచ్చిన మాట. కావాలంటే జారనిచ్చి దూడ మెడ మీద కుదుపు తగ్గించొచ్చు, ప్రమాదమైతే వదిలేయొచ్చు. దూడ మేలు చూస్తే నా ఓటు డాలీకే. కానీ చేయి ఎప్పుడూ బొటనవేలు ఆకాశం వైపు ఉండేలా పట్టుకుని, గడియారం ముల్లుకు ఎదురు దిక్కులో తిప్పాలి. బొటనవేలు కిందికి తిరిగి తాడుకూ కొమ్ముకూ మధ్య పడితే, అవతల నాలుగైదు వందల కిలోల పశువు, ఇవతల అంతే బరువున్న గుర్రం. వేలు మిగలదు. డాలీ వేసే ప్రాంతాల్లో తొమ్మిది వేళ్ళ మనుషులు ఉండడానికి కారణం ఇదే.

వసంతంలో ఏ దూడ ఎవరిదో తెలిసేలా కాల్చి ముద్రలు వేసే రోజు చుట్టుపక్కల రాంచ్‌ల వాళ్ళంతా వస్తారు. కూలీ ఉండదు, రేపు వాళ్ళ దగ్గరకు మనం వెళ్తాం. గుర్రం మీదివాళ్ళు దూడ వెనక కాళ్ళు రెండూ ఉచ్చులో పట్టి, నడకలోనే మంట దగ్గరకు ఈడ్చుకొస్తారు. కింద ఇద్దరు పట్టుకుంటారు. ముద్ర ఇనుము ఎర్రగా కాలితే పనికిరాదు, వెంట్రుకలు మండి ముద్ర అలుక్కుపోతుంది. నల్లగా ఉంటే వేడి చాలదు. బూడిద రంగుకు వచ్చినప్పుడు మూడు నుంచి ఐదు సెకన్లు ఆనిస్తే చర్మం కొత్త జీను తోలు రంగుకు తిరుగుతుంది, అది సరైన గుర్తు. వాన తడి ఉన్న దూడకు వేయకూడదు, ఆవిరి పుట్టి ముద్ర చెదిరిపోతుంది. టీకా మందు ఎండలో పెట్టకూడదు. బతికున్న క్రిములతో చేసిన టీకాను కలిపాక గంటలోపు వాడేయాలి, అందుకే సీసాలన్నీ ఒకేసారి కలపరు.

సరసాలు పండేది ఆ రోజే. ఉచ్చు నాలుగుసార్లు గురి తప్పినవాడికి వినపడేలా కింద దూడ పట్టే కుర్రాడు అంటాడు: “అన్నా, మేమిక్కడ కాసేపు కునుకు తీయమా?” గుర్రం మీది పెద్దాయన తాడు చుట్టుకుంటూ జవాబిస్తాడు: “తీయరా, ఇందాకటి దూడ నిన్ను తన్నినప్పటి నుంచి ఎలాగూ కళ్ళు మూసుకునే పట్టుకుంటున్నావు.” అందరూ నవ్వుతారు, తర్వాతి ఉచ్చు పడుతుంది. పికప్‌లో మధ్య సీటు మీద కూడా తరతరాల జోకు ఉంది. స్టీరింగ్ పట్టినవాడు నడపాలి, తలుపు పక్కవాడు దిగి గేట్లు తీయాలి, ఏ పనీ లేకుండా మధ్యలో కూర్చున్నవాడే అసలైన కౌబాయ్.

కానీ ఈ సరసాలకూ హద్దుంది, అది బెదురు హద్దు లాంటిదే. మనిషి గురి మీద ఏమైనా అనొచ్చు. అతను పెంచిన గుర్రాన్నీ, కుక్కనూ అనకూడదు. ఆవులు గేటులోకి వెళ్తుండగా ఒక్క మాటా ఉండకూడదు, నవ్వులు గేటు మూశాకే. మందకూ మరో రౌతుకూ మధ్య గుర్రాన్ని పోనివ్వకూడదు. గేటు తీయడానికి దిగినవాడు మళ్ళీ జీను ఎక్కేదాకా అందరూ ఆగాలి. మిగతా గుర్రాలు వెళ్ళిపోతుంటే అతని గుర్రం నిలవదు. పిలవనిదే తాడు విప్పకూడదు. ఎవరికి ఎన్ని ఆవులున్నాయో ఎప్పుడూ అడగకూడదు, బ్యాంకులో ఎంతుందని అడిగినట్టే.

సాయంత్రం మందను గేటు దాటిస్తూ లెక్కపెట్టేటప్పుడు ఇద్దరు ఉండాలి, చెరో పక్క. గేటు పూర్తిగా తీయకుండా, రెండు మూడు ఆవులు పట్టేంత సందు ఉంచాలి. ఒకటొకటిగా కాక రెండేసో మూడేసో లెక్కపెట్టాలి. వంద అయినప్పుడల్లా ఒక గులకరాయి ఈ జేబులోంచి ఆ జేబులోకి. పెదవి కదపకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా. చివరి ఆవు దాటాక ఇద్దరూ ఒకేసారి అంకె చెప్పాలి. ఒకరు 312, ఇంకొకరు 311 అంటే ఎవరి బడి లెక్కలు బాగాలేవో కాసేపు తేల్చుకుంటారు. తర్వాత ఒకరు గుర్రాన్ని వెనక్కి తిప్పి, పొద్దు వాలేలోగా ఆ ఒక్కదాని కోసం వాగు పక్క పొదలు వెతకడానికి వెళ్తారు.