రేడియేటర్ పైనా, ముందా? మొదటి పీసీలో గాలికి దారి వేసిన అనుభవం

లిక్విడ్ కూలర్ పెడితే వేడి మాయమైపోతుందనే భ్రమతోనే నేనూ మొదలుపెట్టాను. అది చేసేదల్లా ప్రాసెసర్ దగ్గరి వేడిని ట్యూబుల్లోని ద్రవంతో మోసుకెళ్లి, రేకుల చట్రంలాంటి రేడియేటర్ దగ్గర దించడం. అక్కణ్ణుంచి బయటికి పంపాల్సింది మళ్లీ గాలే. గదిలో 35 డిగ్రీలుంటే ట్యూబుల్లో తిరిగే ద్రవం అంతకంటే చల్లబడదు. మే నెలలో ఏసీ లేని గదిలో కూర్చుని, చలిదేశంలో ఎవరో తీసిన వీడియోలోని అంకెలతో పోల్చుకుంటే దిగులే మిగులుతుంది. గది ఉష్ణోగ్రతను తీసేసి, పైన ఎన్ని డిగ్రీలు పెరిగిందో చూసుకోవాలి.

నా సరంజామా ఇది: రైజెన్ 7 7700ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డ్, 240 మి.మీ. ఏఐఓ కూలర్ (పంపు, ట్యూబులు, రేడియేటర్ అన్నీ కలిపి వచ్చే లిక్విడ్ కూలర్), ముందువైపు జాలీ ఉన్న మిడ్ టవర్ క్యాబినెట్. క్యాబినెట్‌తో 120 మి.మీ. ఫ్యాన్లు నాలుగు వచ్చాయి, కూలర్‌తో రెండు. ఈ ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తే 142 వాట్ల దాకా లాగుతుంది. గ్రాఫిక్స్ కార్డ్‌ది 200 వాట్లు. గేమ్ ఆడేటప్పుడైతే ప్రాసెసర్ తన పరిమితిలో సగం కూడా వాడకపోవచ్చు, కార్డ్ మాత్రం నిండుగా వాడుతుంది. అంటే క్యాబినెట్‌లో అసలు పొయ్యి గ్రాఫిక్స్ కార్డే. ఈ లెక్క మనసులో పడ్డాక రేడియేటర్ ఎక్కడ పెట్టాలన్న సందేహం చాలావరకు తీరింది.

ముందు పెడితే రేడియేటర్‌కి బయటి గాలి నేరుగా తగులుతుంది కాబట్టి ప్రాసెసర్ కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. కానీ అలా వేడెక్కిన గాలే గ్రాఫిక్స్ కార్డ్ మీదికి వెళ్తుంది. పైన పెడితే వ్యవహారం తిరగబడుతుంది: కార్డ్‌కి చల్లగాలి, రేడియేటర్‌కి లోపలి గోరువెచ్చని గాలి. రోజంతా వీడియో రెండరింగ్ చేసేవాళ్లకు ముందు పెట్టడమే న్యాయం. నాకు గేములు ఎక్కువ, పైన పెట్టాను.

ఎక్కడ పెట్టినా ఒక నియమం తప్పకూడదు. కూలర్‌లో ఎంతో కొంత గాలి ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ట్యూబుల గోడల్లోంచి ద్రవం కొంచెం కొంచెంగా ఆవిరై ఆ గాలి పెరుగుతుంది. అది ఎప్పుడూ ఎత్తైన చోటికే చేరుతుంది. ఆ ఎత్తైన చోటు రేడియేటర్ పైభాగం కావాలి, పంపు కాకూడదు. చాలా కూలర్లలో పంపు ప్రాసెసర్ మీదే ఉంటుంది కాబట్టి రేడియేటర్‌ని క్యాబినెట్ అడుగున బిగిస్తే గాలంతా పంపులోకే వస్తుంది. గరగర శబ్దంతో మొదలై చివరికి పంపు పాడవుతుంది. ముందు నిలువుగా బిగించేవాళ్లు ట్యూబులు కిందికి వచ్చేలా, రేడియేటర్ పై అంచు పంపు కంటే ఎత్తులో ఉండేలా చూసుకుంటే చాలు.

పైన బిగించేవాళ్లు కొనకముందే స్కేలు పట్టుకోవాలి. రేడియేటర్ మందం 27 మి.మీ., ఫ్యాన్ 25, మొత్తం 52. క్యాబినెట్ పైకప్పుకీ మదర్‌బోర్డ్ పై అంచుకీ మధ్య అంత ఖాళీ లేకపోతే ఫ్యాన్లు బోర్డ్ మీదికి దిగుతాయి, అక్కడ ఎత్తైన ర్యామ్ స్టిక్కులకో హీట్‌సింక్‌కో తగులుతాయి. లైట్లున్న ర్యామ్‌తో ఈ గొడవ ఎక్కువ. నేను రెండు మి.మీ. తేడాతో బయటపడ్డాను, లేకపోతే ముందుకే మార్చాల్సి వచ్చేది.

నేను చేసిన మొదటి తప్పు వరుసలో. రేడియేటర్ బిగించేశాక చూస్తే బోర్డ్ ఎడమవైపు పైమూలలో ప్రాసెసర్ పవర్ కేబుల్ పెట్టడానికి వేలు కూడా దూరలేదు. ఎనిమిది స్క్రూలూ విప్పాల్సి వచ్చింది. ఆ కేబుల్, పైఅంచున ఉండే ఫ్యాన్ హెడర్ల (ఫ్యాన్ వైర్లు గుచ్చే పిన్నుల) వైర్లు ముందే పెట్టేయాలి, రేడియేటర్ ఆ తర్వాతే.

స్క్రూల దగ్గరా జాగ్రత్త. పొడవైనవి, అంటే సుమారు 30 మి.మీ.వి, ఫ్యాన్ గుండా రేడియేటర్‌లోకి వెళ్లేవి. పొట్టివి క్యాబినెట్‌ని రేడియేటర్‌కి బిగించేవి. పొడవు స్క్రూని ఫ్యాన్ లేకుండా రేడియేటర్‌కి ఎక్కిస్తే లోపలి సన్నటి గొట్టానికి చిల్లు పడుతుంది, కూలర్ కథ అక్కడితో ముగుస్తుంది.

నా ప్రాసెసర్ కూర్చునే ఏఎం5 సాకెట్‌లో బోర్డ్ వెనక ఉండే లోహపు పలక సాకెట్‌తో కలిపి బిగించి ఉంటుంది, కదిలించకూడదు. ముందువైపు ప్లాస్టిక్ బ్రాకెట్లు రెండు తీసి, కూలర్‌తో వచ్చినవి పెడితే సరి. పాత ఏఎం4లో అయితే బ్రాకెట్ స్క్రూలు తీయగానే వెనక పలక ఊడి కింద పడుతుంది, ఒక చేత్తో పట్టుకోవాలి. పంపు అడుగున రాగి పలక మీద పారదర్శకంగా పలుచటి పొర అంటించి ఉంటుంది. దాన్ని తీయకుండా బిగించి, ఆన్ చేసిన నిమిషంలోనే 95 డిగ్రీలు చూసి కంగారుపడేవాళ్లు కోకొల్లలు. ప్రాసెసర్ వేడిని ఈ పలకకి చేర్చే పేస్ట్ ముందే పూసి ఉంటే కొత్తది వేయనక్కర్లేదు. లేకపోతే మధ్యలో బఠాణీ గింజంత చాలు. స్క్రూలు ఒకదాన్నే చివరిదాకా తిప్పకుండా, ఎదురెదురు మూలలు మార్చుకుంటూ రెండేసి చుట్ల చొప్పున బిగిస్తే పేస్ట్ సమంగా పరుచుకుంటుంది.

ఫ్యాన్ గాలి ఎటు తోస్తుందో గుర్తుపట్టడం తేలిక: రెక్కలు తేటగా కనిపించే వైపు నుంచి లాగి, అడ్డకమ్మీలూ స్టిక్కరూ ఉన్న వైపుకి వదులుతుంది. చూడటానికి అందంగా ఉండాలని రెక్కలు తిప్పి తయారుచేసే రివర్స్ ఫ్యాన్లకు మాత్రం ఇది చెల్లదు. ముందు మూడూ లోపలికి, వెనక ఒకటీ పైన రెండూ బయటికి పెట్టాను. లెక్కకు మూడు, మూడు. కానీ పైవాటికి రేడియేటర్ అడ్డం కాబట్టి అవి తోసేది తక్కువ, లోపల ఒత్తిడి కాస్త ఎక్కువగానే నిలుస్తుంది. నాక్కావాల్సిందీ అదే. ఒత్తిడి తక్కువైతే ఫిల్టర్ లేని ప్రతి సందులోంచీ దుమ్ము లోపలికి వస్తుంది. పైన ముందుమూల ఖాళీగా ఉందని అక్కడ ఇంకో ఫ్యాన్ పెడదామనిపించింది. పెట్టి చూస్తే ముందునుంచి వచ్చిన చల్లగాలిని అది ఎవరికీ తగలనివ్వకుండా పైకి లాగేసుకుంది. తీసేశాను. రేడియేటర్‌ని కూడా వీలైనంత వెనక్కి జరిపాను.

ఒత్తిడి సంగతి తేల్చుకోవడానికి ఇంట్లోని అగరబత్తి చాలు. వెనక, గ్రాఫిక్స్ కార్డ్ కింది ఖాళీ స్లాట్ల సందు దగ్గర వెలిగించి పట్టుకుంటే, పొగ లోపలికి వంగితే బయటికి తోసేది ఎక్కువైనట్టు, దూరంగా చెదిరితే సరిగ్గా ఉన్నట్టు. నుసి లోపల పడకుండా చూసుకోండి.

వైర్లలో పంపుది ‘ఏఐఓ పంప్’ హెడర్‌కి, రేడియేటర్ ఫ్యాన్లు రెండూ స్ప్లిటర్‌తో (ఒక హెడర్‌ని రెండుగా చీల్చే వైరుతో) ‘సీపీయూ ఫ్యాన్’ హెడర్‌కి. అది ఖాళీగా ఉంటే చాలా బోర్డులు ఆన్ కాగానే ఫ్యాన్ ఎర్రర్ చూపిస్తాయి. ఒక హెడర్ సాధారణంగా ఒక ఆంపియర్ వరకే ఇస్తుంది కాబట్టి ఒకే దానికి ఐదారు ఫ్యాన్లు తగిలించొద్దు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలోనో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) మరోచోటో విడి ఫ్యాన్లు కొంటే పిన్నులు లెక్కపెట్టండి. నాలుగుంటే పీడబ్ల్యూఎం (సిగ్నల్‌తో వేగం మార్చేది), మూడుంటే బయోస్‌లో, అంటే బోర్డ్ సెట్టింగుల్లో, డీసీ మోడ్ (వోల్టేజీతో వేగం మార్చేది) పెట్టాలి, పెద్ద మోలెక్స్ కనెక్టర్ ఒక్కటే ఉంటే వేగం తగ్గించే దారే లేదు. లైట్ల వైరు మూడు పిన్నులదైతే 5 వోల్టులు, నాలుగైతే 12. ఐదు వోల్టుల లైట్లను 12కి తగిలిస్తే కాలిపోతాయి.

బయోస్‌లో పంపు వేగం నూరు శాతానికి కట్టేశాను. రేడియేటర్ ఫ్యాన్లకు 60 డిగ్రీల దాకా 40 శాతం, 80 దగ్గర 70, 90 దాటితే పూర్తి వేగం. అయినా బ్రౌజర్ తెరిచినప్పుడల్లా ఫ్యాన్లు రొద పెట్టేవి. ఎందుకంటే ప్రాసెసర్ వేడి సెకనులో ఇరవై డిగ్రీలు ఎగిరి మళ్లీ దిగుతుంది, ద్రవం వేడెక్కడానికేమో నిమిషాలు పడుతుంది. వేగం పెరిగేముందు ఆగే సమయాన్ని కొన్ని సెకన్లకు పెంచితే సద్దుమణిగింది. అదే కారణంగా పరీక్ష కూడా అరగంటైనా నడపాలి, ఐదు నిమిషాల అంకె నమ్మదగింది కాదు. ముందు ఫ్యాన్లను ‘ఫ్యాన్ కంట్రోల్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో గ్రాఫిక్స్ కార్డ్ వేడికి ముడిపెట్టాను.

7700ఎక్స్ మొత్తం కోర్లతో పనిచేసేటప్పుడు 95 డిగ్రీలు తాకడం దాని తీరే, కూలర్ పాడైనట్టు కాదు. ఎండాకాలం నేను 65 వాట్ల ఎకో మోడ్ అనే పొదుపు సెట్టింగ్ పెడతాను, పేరులో 65 ఉన్నా అసలు పరిమితి 88 వాట్లు, అంతకు మించి లాగదు. గేముల్లో తేడా నాకైతే తెలియలేదు. మొదటి రోజు వినిపించే గుడగుడకి భయపడొద్దు, గాలి రేడియేటర్ పైకి చేరేదాకా ఉంటుంది. వారమైనా తగ్గకపోతే పంపు ఎత్తు మళ్లీ చూసుకోవాలి.

ముందు జాలీ ఫిల్టర్ మా వీధి దుమ్ముకి నెలకోసారి కడగాల్సి వస్తోంది. రేడియేటర్‌ని బ్లోయర్‌తో ఊదేటప్పుడు పీసీ ఆపేసి, ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకునే ఊదాలి. వదిలేస్తే గిర్రున తిరిగి బేరింగ్ అరుగుతుంది.